నుదుటి మీద నేరం, చేతిలో తాపీ

సముద్రం దాటించి విసిరేసిన ఖైదీలు పరాయి గడ్డ మీద రోడ్లేశారు, ఇటుకలు కాల్చారు, చర్చి కట్టారు. ఆ తర్వాత పాలమ్ముకుని, బండి తోలుకుని బతికారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

రాయికోడ్‌లో ఓ పాత ఇల్లు కూలగొడుతుంటే నిలబడి చూశాను. దూలాలు పొద్దున్నే దింపేశారు. గోడ మాత్రం మొండికేసింది. సమ్మెట పడ్డచోట గుప్పెడు పెచ్చు రాలుతోంది, అంతే. ఇద్దరు కుర్రాళ్ళు చెమటలు కక్కుతుంటే, ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలి సుతారి ఒకాయన ముసిముసిగా నవ్వుతున్నాడు.

“గది సిమెంటు కాదు బిడ్డా, డంగు సున్నం. బెల్లం తాగిన గోడ. గంత అల్కగ వడది.”

ఎట్లా చేసేవాళ్ళని అడిగితే ఆయనకు హుషారొచ్చింది. “సున్నం రాయి కాల్చి నీళ్ళల్ల వేస్తే పొంగుతది. పొంగు దిగినంక గానుగల వేసి ఎద్దులతోని తిప్పుడే. బెల్లం నీళ్ళు పొయ్యాలె, కరక్కాయ నానవెట్టిన నీళ్ళు పొయ్యాలె. పైపూత అద్దం లెక్క మెరవాల్నంటే కోడిగుడ్డు తెల్లసొన గూడ కలిపేటోళ్ళు. అదంత ఎన్కట, గడీలు కట్టినప్పటి ముచ్చట.”

జహీరాబాద్ చుట్టుపక్కల చెరుకుకు కరువు లేదు కాబట్టి బెల్లానికీ కరువు లేదు. గోడ బెల్లం తాగడం ఇక్కడ వింతేం కాదు. నన్ను ఆపింది మరో సంగతి. ఇదే పాకం, కరక్కాయ ఒక్కటి తప్ప, నేను ఇంతకుముందు చదివాను. అది గడీ గురించి కాదు, సింగపూర్‌లోని ఒక చర్చి గురించి.

సింగపూర్ నడిబొడ్డున పచ్చిక మధ్య తెల్లగా మెరిసే సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్‌ను చూసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. పిల్లలు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటే చూడబోయిన తల్లిదండ్రులు దాని ముందు ఫొటో దిగకుండా రారు. 1856లో పునాదిరాయి వేశారు. 1861లో మొదటి ప్రార్థన జరిగింది. మరుసటి ఏడు జనవరిలో ప్రతిష్ఠ. నమూనా గీసిన కల్నల్ రోనాల్డ్ మెక్‌ఫర్సన్ అసలు ఉద్యోగం ఖైదీల సూపరింటెండెంట్. కట్టినవాళ్ళు ఆయన చేతికింది ఖైదీలే. ఆ తెల్లటి మెరుపుకు పేరు ‘మద్రాస్ చునామ్’. గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, ముతక బెల్లం కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళతో మెత్తగా నూరి, గోడకు పూసి, ఆరాక నున్నటి రాయితో రుద్దుతారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి సంకెళ్ళతో వెళ్ళినవాళ్ళు మూట కట్టుకోకుండానే వెంట తీసుకెళ్ళిన విద్య అది.

ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే ఒక్క తమిళ సీమ కాదు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, గుంటూరు, నెల్లూరు, కడప, బళ్ళారి జిల్లాలన్నీ అందులోవే. అక్కడి కోర్టుల్లో దారి దోపిడీకో హత్యకో తిరుగుబాటుకో ‘దీవాంతరం’ పడితే ఓడ ఎక్కాల్సిందే. ఈస్టిండియా కంపెనీ సుమత్రా దీవిలోని బెంకూలన్‌కు 1787 నుంచి ఖైదీలను పంపింది. తర్వాత పినాంగ్, ఆ తర్వాత సింగపూర్, మలక్కా. 1860 వరకు మన దేశం నుంచి ఈ మలయా రేవులకు చేరిన ఖైదీలు పదిహేను వేల దాకా ఉంటారని చరిత్రకారుల లెక్క.

ఇక్కడో మాట. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో ఉరితీశాక ఆయన అనుచరులను అండమాన్ పంపారని తరచూ రాస్తుంటారు. అండమాన్‌లో ఖైదీల శాశ్వత స్థావరం మొదలైంది 1858 మార్చిలో. అంతకు పదకొండేళ్ళ ముందు అక్కడ ఏ జైలూ లేదు. ఆ రోజుల్లో మద్రాసులో దీవాంతరం అన్నారంటే ఓడ ముఖం ఎక్కువగా మలయా వైపే. అండమాన్ కథలో ఉన్న కన్నీరు మనల్ని ఎంతగా పట్టేసిందంటే, దానికి ముందున్న డెబ్బై ఏళ్ళు మన జ్ఞాపకంలోంచి జారిపోయాయి.

నుదుటి రాత అని మనం ఊరికే అంటుంటాం. వీళ్ళకు అది నిజంగానే రాశారు. బెంగాల్ ప్రెసిడెన్సీలో 1797 నాటి చట్టం ప్రకారం యావజ్జీవ ఖైదీ నుదుటి మీద నేరాన్ని పచ్చబొట్టు పొడిచేవారు. గోద్నా అనేవారు దాన్ని. మద్రాసూ అదే దారి పట్టింది. 1849లో గానీ దాన్ని రద్దు చేయలేదు. మన పల్లెల్లో పచ్చబొట్టు ముచ్చట కోసం పొడిపించుకుంటారు. చచ్చాక వెంట వచ్చేది అదొక్కటే అని ముసలమ్మలు అంటారు. ఆ ముచ్చటనే శిక్షగా మార్చిన బుర్ర ఎవరిదో! ఓడ దిగాక ఆ మనుషులు తలగుడ్డను కనుబొమల దాకా లాగి చుట్టుకునేవాళ్ళట. ఎండకు కాదు.

1825 ఏప్రిల్ 18న హొరేషియో అనే ఓడ సింగపూర్‌లో 80 మందిని దింపింది. అందరూ మద్రాసు నుంచి శిక్షపడినవాళ్ళే. వారం తర్వాత బెంగాల్ శిక్షలవాళ్ళు 122 మంది దిగారు. వీళ్ళు నేరుగా మన దేశం నుంచి రాలేదు. బెంకూలన్‌ను బ్రిటిష్‌వాళ్ళు డచ్చివాళ్ళకు ఇచ్చేయాల్సి రావడంతో అక్కడి ఖైదీలను ఇటు మార్చారు. బెంకూలన్‌లో వాళ్ళు అప్పటికే ఒక పద్ధతికి అలవాటు పడ్డారు. 1818లో అక్కడికి గవర్నర్‌గా వచ్చిన స్టాంఫర్డ్ రాఫెల్స్ ఖైదీలను మూడు తరగతులు చేశాడు. మొదటి తరగతివాడు కోర్టులో సాక్ష్యం చెప్పొచ్చు, తనకూ తన పిల్లలకూ దక్కేలా భూమి తీసుకుని స్థిరపడొచ్చు. బతికి ఉండగా మళ్ళీ మనిషిగా లెక్కలోకి వచ్చే అవకాశం ఉందని తెలిస్తే తప్ప ఎవడూ బాగుపడడు అన్నది ఆయన లెక్క. దొరగారి దయ అని మురిసిపోనక్కర్లేదు. రేవుకు రోడ్లు కావాలి, కాలువలు కావాలి, కూలివాళ్ళు దొరకరు. మొండికేసిన ఖైదీకన్నా ఆశ ఉన్న ఖైదీ ఎక్కువ మట్టి మోస్తాడు. దయకూ లాభానికీ ఒకే తక్కెడ దొరికిన అరుదైన చోటు అది.

1845లో సింగపూర్‌లో గవర్నర్ బటర్‌వర్త్ ఆ పద్ధతిని ఆరు తరగతుల నిచ్చెనగా మార్చాడు. ఆ నిచ్చెన ఎట్లా ఉండేదో చూడాలంటే ఒక మనిషి వెంట నడవాలి. ఆయనకు పేరు పెట్టను. గంజాం వైపు నుంచి వచ్చిన ముప్పై ఏళ్ళవాడు అనుకుందాం.

దిగీ దిగగానే నాలుగో తరగతి. కాళ్ళకు తేలికపాటి సంకెళ్ళు. పొద్దున్నే రోడ్డు పని. అడవి నరకాలి, బురద నింపాలి, రాయి కొట్టాలి. మలయ్‌లు ఇతన్ని ‘ఒరాంగ్ రంతై’ అంటారు, అంటే గొలుసు మనిషి. తప్పు చేస్తే ఐదో తరగతికి జారి బరువు సంకెళ్ళు పడతాయి. ముసలివాళ్ళూ, రోగులూ ఆరో తరగతి. మెడ వంచి పనిచేస్తే మూడో తరగతి, అప్పుడు కాళ్ళు వదులవుతాయి. సంకెళ్ళు తీసిన మొదటి రోజు కాలు ఎత్తి వేస్తే అడుగు ఎంత పైకి లేచిందో!

అక్కడి నుంచి పని నేర్పుతారు. ఇదే సింగపూర్ జైలు అసలు విశేషం. 1841లో బ్రాస్ బాసా దగ్గర కట్టిన ఆ జైలు లోపల కమ్మరి కొలిమి, వడ్రంగి షెడ్డు, నేత మగ్గాలు, బెత్తం అల్లిక, చివరికి అచ్చుయంత్రం, ఫొటోగ్రఫీ కూడా వచ్చాయి. సెరంగూన్ రోడ్డు పక్క ఇటుక బట్టీ. 1867లో ఆగ్రాలో జరిగిన ప్రదర్శనలో ఆ ఇటుకలకు వెండి పతకం వచ్చింది. పగడపు రాయి కాల్చి సున్నం చేసేవాళ్ళు. పులావ్ ఉబిన్ దీవిలో గ్రానైట్ తొలిచేవాళ్ళు. నడిసముద్రంలో 1851లో వెలిగిన హార్స్‌బర్గ్ దీపస్తంభం, 1855 నాటి రాఫెల్స్ దీపస్తంభం, ఇప్పుడు సింగపూర్ అధ్యక్షుడి అధికార భవనమైన ఇస్తానా, అన్నిట్లో ఖైదీల చెమట ఉంది.

కావలివాళ్ళెవరు? వాళ్ళూ ఖైదీలే. మంచి నడవడి ఉన్నవాణ్ణి ఎంచి బెల్టూ బిళ్ళా ఇచ్చి తోటి ఖైదీల మీద మేస్త్రిగా పెట్టేవారు. ఆ జైలును చివరి రోజుల్లో నడిపిన మెక్‌నైర్ 1899లో తన అనుభవాలను పుస్తకంగా వేస్తూ ‘ప్రిజనర్స్ దెయిర్ ఓన్ వార్డర్స్’ అని పేరు పెట్టుకున్నాడు. ఖైదీలే ఖైదీలకు కాపలా అని. వేలమంది శిక్షపడినవాళ్ళను గుప్పెడు మంది తెల్లవాళ్ళతో నడిపాడు మరి. ఆయన పుస్తకం చదివితే కొంచెం గొప్పలు పోయినట్టు అనిపిస్తుంది. జైలరు రాసిన జైలు కథ కదా, ఉప్పు చూసుకుని తినాలి. అయినా పులుల సంగతి దగ్గర మాత్రం నవ్వొస్తుంది. ఆ రోజుల్లో సింగపూర్ మిరియాల తోటల్లో పనిచేసే కూలీలను పులులు ఈడ్చుకుపోయేవి. సర్కారు తుపాకులిచ్చి అడవికి పంపింది ఎవరిని? ఖైదీలను! తుపాకీతో అడవిలోకి వెళ్ళినవాడు సాయంత్రానికి జైలుకు తిరిగొచ్చేవాడు.

యావజ్జీవం పడినవాడు 16 ఏళ్ళు ఇట్లా నెగ్గుకొస్తే మొదటి తరగతి. దాని పేరు టికెట్. జైలు బయట ఇల్లు వేసుకోవచ్చు, సొంతంగా సంపాదించుకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు. దీవి విడిచి పోకూడదు, పిలిచినప్పుడు హాజరు వేయించుకోవాలి. మన గంజాం మనిషికి అప్పటికి నలభై ఆరు. చేతిలో పనుంది. కాసిన్ని డబ్బులు కూడబెట్టి రెండు ఆవులు కొంటాడు. తెల్లారకముందే పాలు పితికి దొరల బంగళాలకు పోస్తాడు. లేదా ఎడ్లబండి కట్టి రేవు నుంచి సరుకు తోలుతాడు. గుర్రాలకు సైసుగా కుదిరినవాళ్ళు, కూరగాయలు పండించినవాళ్ళు, చిల్లర దుకాణం పెట్టినవాళ్ళు, వడ్డీకి తిప్పి నాలుగు రాళ్ళు వెనకేసినవాళ్ళు, అందరూ ఈ టికెట్ మనుషుల్లో ఉన్నారు. మలయ్ ఆడపిల్లలను చేసుకుని అక్కడే వేళ్ళూనారు. పాలు పోయించుకునే ఇంటావిడకు వాడి నుదుటి మీద ఏముందో తెలుసు. పాలల్లో నీళ్ళు లేకపోతే చాలు అనుకుని ఉంటుంది.

పండగలు కూడా ఆగలేదు. మొహర్రంకు ఖైదీలు తాబూతులు కట్టి ఊరేగింపు తీసేవాళ్ళు. మన రాయికోడ్ వైపు పీర్ల పండుగలో అలావా చుట్టూ ఆడేవాళ్ళలో ఎవరు ఏ మతమో అడిగేవాడు లేడు. సముద్రం అవతల గొలుసు మనుషులూ అంతే. బెంకూలన్‌లో ఇప్పటికీ తాబూత్ పండుగ జరుగుతుంది. మన దేశం నుంచి వెళ్ళిన సిపాయిలూ పనివాళ్ళూ తెచ్చిన పండుగ అని అక్కడివాళ్ళే చెబుతారు.

అంతా పాలూ నీళ్ళలా కలిసిపోయారని మాత్రం అనుకోవద్దు. కెథడ్రల్‌కు ముందు అక్కడున్న పాత చర్చి మీద పిడుగులు పడి 1852లో దాన్ని మూసేశాక ఊళ్ళో ఓ పుకారు లేచింది. చర్చిలో దయ్యాలు చేరాయనీ, వాటికి శాంతి చేయడానికి సర్కారుకు మనుషుల తలలు కావాలనీ, రాత్రిళ్ళు ఖైదీలను తలల కోసం పంపుతున్నారనీ. జనం చీకటి పడితే బయటికి రావడం మానేశారు. ఎక్కడైనా కొత్త వంతెన కడుతుంటే పిల్లల్ని ఎత్తుకుపోయి పునాదిలో వేస్తారని మా చిన్నప్పుడు మమ్మల్నీ భయపెట్టారు. కాబట్టి ఆ పుకారును తప్పుపట్టలేను. అందులో తలలు నరికేవాడి వేషం మాత్రం ఖైదీకే పడింది, చూడండి. 1857లో ఇక్కడ సిపాయిలు లేస్తే అక్కడ సింగపూర్‌లోని తెల్లవాళ్ళకు నిద్ర పట్టలేదు. ఈ నేరస్తులను మా మీదికి పంపొద్దని గోల పెట్టారు. ఆ నేరస్తులే వేసిన రోడ్డు మీద బగ్గీలో వెళ్ళి మరీ గోల పెట్టారు. 1860 తర్వాత కొత్త ఓడలు ఆగిపోయాయి. 1873లో జైలు మూతపడింది. శిక్ష ఇంకా మిగిలినవాళ్ళను అండమాన్‌కు తరలించారు. క్షమాభిక్ష దొరికిన చాలామంది సొంతూరు వెళ్ళలేదు. వెళ్ళి ఏం చేస్తారు? ఊళ్ళో భూమి దాయాదుల పాలై ఉంటుంది, భార్య ఉందో లేదో. సముద్రం దాటినవాణ్ణి పంక్తిలో కూర్చోనిచ్చేదెవరు? ఇక్కడైతే రెండు ఆవులున్నాయి.

మన రాయికోడ్ కంపెనీ సీమ కాదు, నిజాం ఏలుబడి. జహీరాబాద్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. అయినా దీవాంతరం నీడ ఇటూ పడింది. 1857 జులై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి నడిపిన తుర్రేబాజ్ ఖాన్‌కు అండమాన్ శిక్ష పడింది. 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు. మన పక్కనున్న తూప్రాన్ అడవిలో దొరికిపోయాడు, చంపేశారు. దీవి చూడనేలేదు. ఆయనతో పాటు దాడికి ముందు నిలిచిన మౌల్వీ అల్లావుద్దీన్ చూశాడు. ఆయన ప్రాణం అండమాన్‌లోనే పోయింది.

అండమాన్‌లోనూ నిచ్చెన పెట్టారు. పదేళ్ళ చాకిరీ తర్వాత ‘సెల్ఫ్ సపోర్టర్’ అనిపించుకుంటే కొద్దిగా భూమి, గుడిసె, పెళ్ళి. వాళ్ళ సంతతే ఇవాళ అక్కడ లోకల్ బార్న్ అనే సముదాయం. అయితే ఆ దీవుల్లో తొలి ఏళ్ళ చావులూ, తర్వాత 1906కు పూర్తయిన సెల్యులార్ జైలూ వేరే కథ, దాన్ని దీనితో కలపలేం. అక్కడ కూడా తన చేతిపని మీద నిలబడినవాళ్ళున్నారు. థానేసర్ నుంచి 1866లో వెళ్ళిన జాఫర్ థానేసరీ కలం పట్టుకుని గుమాస్తా అయ్యాడు, ఇంగ్లిషు నేర్చుకున్నాడు, అర్జీలు రాసిపెట్టాడు, దొరలకు చదువు చెప్పాడు. 1883లో భార్యాపిల్లలతో ఇంటికొచ్చి ఆ బతుకంతా ఉర్దూలో రాశాడు. మన మన్యంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళాడు. గొలుసు వేసిన రాజ్యం పోయింది, గొలుసు మోసినవాడు పార్లమెంటులో కూర్చున్నాడు.

ఆస్ట్రేలియా తన ఖైదీలను దాచుకోలేదు. 1788 నుంచి 1868 దాకా అక్కడికి లక్షా అరవై వేలకు పైగా ఖైదీలు దిగారు. ఫోర్జరీ కేసులో వెళ్ళిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే అక్కడ గొప్ప వాస్తుశిల్పి అయ్యాడు. 1966లో కొత్త పది డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు. ఫోర్జరీ చేసినవాడి ముఖం నోటు మీద! మన చునామ్ మేస్త్రులకు నోటు సంగతి అటుంచండి, పేరు కూడా మిగలలేదు. కాగితాల్లో ఉన్న పేర్లు కూడా దొరల నోట్లో పడి ఏ ఊరివో పోల్చుకోలేనంతగా నలిగిపోయాయి.

రాయికోడ్ నుంచి జిల్లా కేంద్రం సంగారెడ్డి వెళ్తే 1796లో కట్టిన పాత జైలు కనిపిస్తుంది. ఇప్పుడది మ్యూజియం. 2016లో అక్కడ ‘ఫీల్ ద జైల్’ అని మొదలుపెట్టారు. 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీ బట్టలు కట్టి, ఖైదీ తిండి పెట్టి, లోపల పడుకోబెట్టేవారు. సరదాగా వెళ్ళొచ్చినవాళ్ళు ఫోన్లో ఫొటోలు చూపించేవారు. తెల్లారి తలుపు తీస్తారని తెలిసిన జైలు జైలెట్లా అవుతుందో నాకు అర్థం కాదు. అదే జైళ్ళ శాఖ పెట్రోల్ బంకులు కూడా నడుపుతోంది. ఖైదీలూ, శిక్ష ముగిసి వచ్చినవాళ్ళూ అక్కడ పెట్రోల్ పోస్తారు. ‘మై నేషన్’ పేరుతో జైల్లో చేసిన సరుకులు అమ్ముతారు. చర్లపల్లిలో గోడల్లేని వ్యవసాయ క్షేత్రంలో శిక్షపడినవాళ్ళు పంటలు పండిస్తారు. బంకులో మనం మీటర్ సున్నా చూసుకుంటాం, చిల్లర లెక్కపెట్టుకుంటాం, వెళ్ళిపోతాం. పెట్రోల్ పోసినవాడి కేసేమిటని అడగం. అదే మనిషి మన వాడకట్టులో గది అద్దెకు అడిగితే మొదటి ప్రశ్న అదే.

రాయికోడ్‌లో ఆ గోడ మధ్యాహ్నానికి గానీ పడలేదు. పడ్డాక కుర్రాళ్ళు నీళ్ళు తాగుతూ కూర్చున్నారు. నేను ముసలి సుతారి పక్కన కూర్చుని సింగపూర్ చర్చి కథ చెప్పాను. ఖైదీలు, ఓడ, నుదుటి మీద పచ్చబొట్టు, తెల్లసొన, బెల్లం, అన్నీ. ఆయన చెవి ఒగ్గి విన్నాడు. వాళ్ళేం తప్పు చేసి పోయిండ్రని అడుగుతాడనుకున్నాను.

“అక్కడ కరక్కాయ దొరుకుతుండెనా?” అన్నాడు.

లేదు, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళు పోశారని చెప్పాను.

ఆయన కూలిన గోడ నుంచి ఓ పెచ్చు తీసుకుని, బొటనవేలితో రుద్ది, నాలిక చివర తాకించి చూసుకున్నాడు. కాసేపు ఆలోచించాడు.

“నడుస్తది,” అన్నాడు.